తల దెబ్బ – నష్టపరిహారం – మన కాగితాలు

(పటాన్‌చెరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊరి మధ్యగా ముంబయి హైవే పోతుంది. పక్కనే ముత్తంగి వద్ద ఔటర్ రింగు రోడ్డు. షిఫ్టు మారే వేళల్లో ఇస్నాపూర్, పాశమైలారం దారుల్లో మన పిల్లలు లారీల నడుమనే మోటారు సైకిళ్లపై వస్తూ పోతూ ఉంటారు. 2024 ఫిబ్రవరి 23న తెల్లవారుజామున కంటోన్మెంట్ శాసనసభ్యురాలు లాస్య నందిత గారు మన పటాన్‌చెరు సమీపంలోనే ఔటర్‌పై కారు ప్రమాదంలో మరణించిన సంగతి మీకందరికీ తెలుసు. మరణవార్తలు పత్రికల్లో వస్తాయి. తలకు దెబ్బ తగిలి, ప్రాణంతో ఇంటికి చేరి, మునుపటి మనిషి కాకుండా పోయినవారి సంగతి ఏ పత్రికలోనూ రాదు. నేను నాలుగు మాటలు చెప్పదలచింది వారి గురించి.

నేను డాక్టరును కాను, ప్లీడరును అంతకన్నా కాను. గుమాస్తాగా నేను నేర్చింది ఒకటే: ఫైలులో లేనిది లేనట్టే. తల దెబ్బ విషయంలో ఈ సూత్రం మరీ గట్టిగా వర్తిస్తుంది. ఎందుకంటే కాలు విరిగితే ఎవరైనా చూస్తారు. మెదడు దెబ్బ పైకి కనబడదు.

ఆసుపత్రుల్లో గ్లాస్గో కోమా స్కేలు అని ఒక లెక్క వేస్తారు. 1974లో గ్లాస్గో నగరపు వైద్యులు ఇద్దరు దీనిని రూపొందించారు. కళ్లు తెరవడం, మాట, కదలిక చూసి 3 నుంచి 15 దాకా మార్కులు వేస్తారు. 8, అంతకు తక్కువైతే తీవ్రం. 13 నుంచి 15 అయితే స్వల్పం. అయితే ‘స్వల్పం’ అని రాసినవారిలోనూ కొందరికి మతిమరుపు, తలనొప్పి, నిద్రలేమి, పట్టరాని కోపం నెలల తరబడి ఉండవచ్చు. స్కానింగులో ఏమీ కనబడకపోయినా మెదడులోని సన్నని నరాల పోగులు దెబ్బతిని ఉండవచ్చు.

ఒక ఉదాహరణ మనవి చేస్తాను. మన సభ్యులొకరి అల్లుడు ఇక్కడి ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసేవాడు. లారీ తగిలి పడ్డాడు. తొమ్మిది రోజులకు ఆసుపత్రి నుంచి పంపిస్తూ ‘పరిస్థితి సంతృప్తికరం’ అని రాశారు. రెండు నెలలకు డ్యూటీలో చేరాడు. చేతులు, కాళ్లు బాగానే ఉన్నాయి. కాని స్టాకు రిజిస్టరు టాలీ చేయలేడు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండదు. చిన్న మాటకు కంచం విసిరేవాడు; పిల్లలు తండ్రి దగ్గరికి పోవడం మానేశారు. ఆరు నెలలు తిరగకుండానే ఉద్యోగం పోయింది. ఆ మధ్యలోనే ఇన్సూరెన్సు తరఫున ఒకాయన వచ్చి, కొద్దిపాటి సొమ్ముతో రాజీ కాగితం ముందుపెట్టాడు. మామగారు సంతకం చేయనివ్వలేదు.

కోర్టులో అవతలి ప్లీడరు అడిగిందేమంటే, ‘తింటున్నాడు, నడుస్తున్నాడు, సంతకం చేస్తున్నాడు, ఇక వైకల్యమేది?’ అని. అక్కడ ఆదుకొన్నది ఆ ఇల్లాలు రాసిపెట్టుకొన్న నోటుబుక్కు. ఏ రోజు ఏం మరిచాడు, ఎప్పుడు దారి తప్పాడు, ఎప్పుడు మూర్ఛ వచ్చింది, అన్నీ తేదీలతో ఉన్నాయి. దానిని చూసే డాక్టరుగారు జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి పరీక్షలకు పంపించారు. ఆ రిపోర్టును, డాక్టరు సాక్ష్యాన్ని ట్రైబ్యునల్ నమ్మింది. అతడు మళ్లీ స్టోర్సుకు పోలేదు గాని ఇల్లు నిలబడింది.

ఇక చట్టం సంగతి. రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ముఖ్యమైన మాట, వైకల్యం శాతం వేరు, సంపాదన శక్తికి కలిగిన నష్టం వేరు అని. అందులో మన గుమాస్తాల ప్రస్తావనే వచ్చింది. ఎడమ చేయి పోతే డ్రైవరుకు, వడ్రంగికి బతుకుదెరువు దాదాపు పూర్తిగా పోవచ్చు; ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. తల దెబ్బలో ఇది తలకిందులవుతుంది. రెండు చేతులూ ఉన్న గుమాస్తాకు జ్ఞాపకశక్తి పోతే మిగిలేదేమిటి? ఈ వాదన మీ ప్లీడరుచేత తప్పక చెప్పించండి.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. వయస్సు 35, నెల జీతం 20,000 రూపాయలు అనుకొందాం. ఏడాదికి 2,40,000. సరళా వర్మ కేసు తీర్పు, 2009, ప్రకారం ఆ వయస్సుకు గుణకం 16. డాక్టరు వేసిన 40 శాతమే తీసుకొంటే 15,36,000. సంపాదన మొత్తం పోయిందని రుజువైతే 38,40,000. దీనికి వైద్యం, బాధ, తోడు మనిషి ఖర్చులు అదనం.

తోడు మనిషి ఖర్చును చిన్నచూపు చూడవద్దు. 2007లో తల దెబ్బ తగిలి, తొమ్మిది నెలల పసిపాప తెలివితో మిగిలిపోయిన పన్నెండేళ్ల బాలిక కేసులో సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. హైకోర్టు ఇచ్చిన 25,78,501 రూపాయలను 62,27,000కు పెంచింది. తోడు మనుషుల ఖర్చును కూడా గుణకం ప్రకారమే లెక్కకట్టింది.

గమనించవలసిన మరికొన్ని విషయాలు:

ఒకటి. క్యాజువాలిటీలోనే మెడికో లీగల్ కేసుగా రాయించండి. స్పృహ తప్పిందా, ఎంతసేపు, వాంతులయ్యాయా అన్నది డాక్టరుకు చెప్పి కేసు షీటులో ఎక్కించండి. 2025 మే నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర పథకం కింద, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజులలో లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స పొందే హక్కు ఉంది.

రెండు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను ట్రైబ్యునల్‌కు పంపాలి. దాని నకలు, ఎఫ్.ఐ.ఆర్. నకలు అడిగి తీసుకోండి.

మూడు. క్లెయిము పిటిషన్‌కు ఆరు నెలల గడువు పెట్టిన సవరణ కూడా అప్పటి నుంచే అమలులోకి వచ్చింది. దానిని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. అయినా దానిని నమ్ముకొని కూర్చోరాదు. ప్రమాదం ఎక్కడ జరిగినా, మనం నివసించే చోటి ట్రైబ్యునల్‌లో, అంటే మనకు సంగారెడ్డిలో, వేసుకోవచ్చు. బాధితుడు తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలో ఉంటే భార్యో, తల్లిదండ్రులో అతని తరఫున నడిపించవచ్చు.

నాలుగు. నాగప్ప కేసులో సుప్రీంకోర్టు, అడిగినదానికన్నా ఎక్కువ ఇచ్చే అధికారం ట్రైబ్యునల్‌కు ఉందని చెప్పింది. అయితే తుది తీర్పు తరువాత మళ్లీ వైద్య ఖర్చులకు రావడానికి చట్టంలో వీలు లేదని కూడా చెప్పింది. కాబట్టి రాబోయే ఖర్చులు ముందే అడగాలి. లోక్ అదాలత్ రాజీకి అప్పీలు లేదు. పరీక్షలు పూర్తికాక ముందు అక్కడ సంతకం చేయవద్దు.

ఐదు. ఒరిజినల్ బిల్లులు రీయింబర్స్‌మెంటుకు పంపేముందు ధ్రువీకరించిన నకళ్లు ఉంచుకోండి.

ఆరు. స్త్రీలకు, వికలాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరును ఇస్తుంది.

ఏడు. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు వస్తాయి. దరఖాస్తు రెవెన్యూ అధికారులకు ఇవ్వాలి.

చివరగా మన వయస్సువారికి ఒక హెచ్చరిక. ఆటో కుదుపుకు తల తగిలినా, కారు తలుపు తగిలినా చిన్న దెబ్బే కదా అనుకొంటాం. పెద్ద వయస్సులో మెదడు పైపొరల కింద రక్తం మెల్లగా చేరి, రెండు మూడు వారాల తరువాత తలనొప్పి, తూలుడు, మాట తడబాటు రావచ్చు. రక్తం పలుచబడే మాత్రలు వేసుకొనేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఇంట్లోవారు ‘ముసలితనం, చాదస్తం’ అని ఊరుకొంటారు. స్కానింగు చేయిస్తే తెలిసిపోతుంది. సకాలంలో చిన్న ఆపరేషనుతో చాలామంది కోలుకొంటారు.

‘పెన్షన్ వస్తున్నది కదా, మీకు నష్టమేమిటి?’ అని ఎవరైనా అంటే తల వంచవద్దు. నొప్పికి, వైద్యానికి, తోడు మనిషికి పరిహారం అడిగే హక్కు పెన్షనరుకూ ఉంది. మరణించిన సందర్భంలో కుటుంబ పింఛనును, జీవిత బీమాను పరిహారంలో తగ్గించరాదని సుప్రీంకోర్టు 1998లోనే హెలెన్ రెబెల్లో కేసులో చెప్పింది.

హెల్మెట్టు, సీటుబెల్టు మన పిల్లలచేత పెట్టించడం మన మొదటి బాధ్యత. అది దాటి ఆపద వస్తే, ఆ రోజు నుంచే ఒక నోటుబుక్కు తెరవమని కోడళ్లకు, కూతుళ్లకు చెప్పండి. జీవితమంతా ఇతరుల ఫైళ్లు సక్రమంగా పెట్టినవాళ్లం. మన ఇంటి ఫైలు పెట్టడం మనకు కష్టం కాదు. ఎవరికైనా దరఖాస్తు రాయడంలోనో, కాగితాలు వరుసలో కుట్టడంలోనో సాయం కావలసివస్తే మొహమాటపడక చెప్పండి. చేతనైనంత చేస్తాను.