జిగురుతో ఆట

పోచంపల్లి అనగానే మనకు 1951లో వినోబాభావే గారు అందుకున్న తొలి భూదానమూ, ఇక్కత్ చీరలూ జ్ఞాపకం వస్తాయి. గంజి మాత్రం ఎవరికీ జ్ఞాపకం రాదు. కాని నూలు పడుగుకు గంజి పెట్టనిదే మగ్గం సాగదు గదా! గంజి పలుచనైతే పోగు నూగు లేచి తెగుతుంది. చిక్కనైతే పోగులు ఒకదానికొకటి అంటుకొని అట్ట కడతాయి. ఆ రెంటికీ నడుమనున్న పాకాన్ని వ్రేళ్ళతో రాచి చూచి నిర్ణయించవలసిందే. అటువంటి ఇంట పిల్లలు గంజిలో చేతులు ముంచి, సాగదీసి, మందలింపులు తినడం వింత కాదు.

పట్టణాలలోని పిల్లలు నేడు స్లైమ్ అనే పేరుతో ఆడుతున్నది ఇంచుమించు ఈ ఆటే. 1976లో మేటెల్ అనే అమెరికా బొమ్మల సంస్థ దీనిని చిన్న డబ్బాలో పెట్టి అమ్మింది. అందులోని జిగురు ఎక్కడిదనుకున్నారు? మన గోరుచిక్కుడు గింజలది! తెలంగాణములో గోకరకాయ అని కూర వండుకునే ఆ కాయ గింజలనుండే గ్వార్ జిగురు తీస్తారు. ప్రపంచానికి కావలసిన దానిలో అధికభాగం మన దేశమే పండిస్తున్నది.

ఇండ్లలో చేసేవారు సాధారణంగా తెల్ల జిగురులో వెలిగారం నీళ్ళు కలుపుతారు. జిగురులోని అణువులు పడుగు పోగులవలె పొడుగైనవి. వెలిగారం వాటి నడుమ అక్కడక్కడ ముడులు వేస్తుంది. ఆ ముడులు ఊడుతూ, మళ్ళీ పడుతూ ఉంటాయి. అందుకే ఆ ముద్ద అటు నీరూ కాదు, ఇటు గట్టిదీ కాదు.

చూడ ముచ్చటగానే ఉంటుంది. కాని వెలిగారం కంసాలి పొడి అతికే వేళ వాడే వస్తువు. పసివాళ్ళ చేతికి ఇవ్వదగినది కాదు. చూపునకు ఉప్పువలె ఉంటుంది. కడుపులోకి పోతే వాంతులు కావచ్చు, పదే పదే తగిలితే చర్మం మండవచ్చు. ఐరోపావారు 2009లో చేసిన బొమ్మల భద్రతా నిబంధనలలో, జిగటబొమ్మ కిలోగ్రాముకు 300 మిల్లీగ్రాములకు మించి బోరాన్ వెలువడరాదని హద్దు పెట్టారు. చెంచాతో అందాజుగా కలిపే ఇంటి ముద్దకు ఆ హద్దు ఎవరు కొలుస్తారు? కాంటాక్ట్ లెన్సులు కడిగే ద్రావకం వాడితే భయం లేదని కొందరంటారు. అటువంటి ద్రావకాలలో చాలావాటిలో ఉండేది కూడా బోరాన్ సంబంధమైన పదార్థమే. పేరు మారినంత మాత్రాన గుణం మారదు.

వంటింటి సరకులతోనే ఈ వేడుక తీరుతుంది. అంగడిలో కార్న్‌ఫ్లోర్ అని అడిగితే ఇచ్చే మెత్తని తెల్లపిండి రెండు కప్పులకు సుమారు ఒక కప్పు నీరు కొద్దికొద్దిగా పోసి కలపండి. మెల్లగా వ్రేలు పెడితే దిగిపోతుంది, చరిస్తే రాయివలె నిలుస్తుంది. పిడికిలి బిగిస్తే ఉండ అవుతుంది, విప్పితే వ్రేళ్ళ సందులనుండి జారిపోతుంది. మెల్లగా కదిలించినప్పుడు పిండి రేణువుల నడుమ నీరు ఉండి వాటిని జారనిస్తుంది. హఠాత్తుగా ఒత్తితే రేణువులు ఒకదానితో ఒకటి ఒరసుకొని బిగుసుకుంటాయి. జాతరలో కిక్కిరిసిన జనం తోసుకుంటే ఎవరూ కదలలేకపోవడం మనం చూడలేదా?

సాగేది కావాలంటే సబ్జా గింజలున్నవి. రెండు చెంచాలు కప్పు నీటిలో అరగంట నానితే ఒక్కొక్క గింజ చుట్టూ జిగురు పొర ఊరుతుంది. చేతికి అంటడం మానేవరకు అదే పిండి చల్లుతూ పిసకాలి. ఎంత పిండి అని అడగకండి. నేతయింటి గంజివలెనే ఇదీ వ్రేళ్ళకే తెలియాలి, పిల్లలనే తేల్చుకోనివ్వండి. మూడేండ్లలోపు బిడ్డలైతే పెద్దలు ప్రక్కనే ఉండవలెను.

ఒకటి రెండు రోజులలో ఇది పులిసి వాసన వేస్తుంది. అప్పుడు తూములో పారబోయకండి. పిండి అడుగున పేరుకొని నీటిదారి మూసుకుపోతుంది. పాత వార్తాపత్రికమీద పరచి ఎండలో పెట్టి, గలగలలాడిన తరువాత దులిపి పారవేయండి.