పళ్ళ ఐసు ఇంట్లోనే, మన పాలతోనే

(ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దున ఉన్న ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సంఘంలో, మహిళా సభ్యుల వేసవి సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని కబురు చేసినప్పుడు దాణా గురించో, గాలికుంటు టీకాల గురించో అనుకున్నాను. కాదు, వేసవిలో పిల్లలకు ఇంట్లో చేసిపెట్టే పళ్ళ ఐసు గురించి చెప్పమన్నారు. మొదట నవ్వొచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పాలు పితికి, కేంద్రంలో పోసి, క్యారేజీ కట్టుకుని మిరపకాయ కోతలకు పోయే మనిషికి ఈ సోకులెందుకు అనుకున్నాను. తర్వాత మా ఇంట్లో జరిగినది గుర్తుకొచ్చి సరేనన్నాను.

మా చిన్నపిల్లకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక తిరునాళ్ళలో బండి దగ్గర ఎర్రరంగు పోసిన ఐసు కొనిపెట్టాం. ఏడ్చింది, కొనిపెట్టాం, అంతే. నెల తిరిగేసరికి పిల్ల అన్నం చూస్తే మొహం తిప్పుకోవడం, వాంతులు, ఆపైన కళ్ళు పచ్చబడటం. పచ్చకామెర్లన్నారు డాక్టరు గారు. నీళ్ళవల్లో, ఐసువల్లో వచ్చి ఉంటుందన్నారు. ఐసువల్లేనని నేను రుజువు చేయలేను, ఆ బండివాడిని తిట్టనూ లేను. పిల్ల ఆ ఏడు పరీక్షలు రాయలేదు. కానీ నన్ను ఇప్పటికీ పొడిచేది వేరే సంగతి. ఆ రోజుల్లో మా రెండు గేదెలూ కలిసి పూటకు తొమ్మిది లీటర్లు ఇస్తున్నాయి. అందులో పిల్ల గ్లాసులో పడింది ఎంత? కాఫీకి పట్టగా మిగిలితే మిగిలినట్టు. మొత్తం క్యానులోకే. పాలు అమ్మి, ఆ డబ్బుతో పిల్లకు రంగునీళ్ళ ఐసు కొనిపెట్టాను. ఇది మా ఒక్క ఇంటి కథేనా, మీరే చెప్పండి.

ముందు మంచుగడ్డ సంగతి మాట్లాడుకుందాం. గడ్డకట్టిన దాంట్లో పురుగు బతకదని మనలో చాలామందికి నమ్మకం. అది తప్పు. చలికి క్రిములు చాలావరకు చావవు, ముడుచుకుని పడుకుంటాయి. ఐసు కరిగి కడుపులో పడగానే లేస్తాయి. 2018 మార్చిలో గుంటూరు పట్నంలో తాగే నీరు కలుషితమై అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి. అలాంటి నీటినే గడ్డకట్టిస్తే అది శుద్ధి అవుతుందా? ఫ్యాక్టరీ ఐసుదిమ్మెలు చాలావరకు చేపలకూ రొయ్యలకూ వేయడానికి చేసేవి, తినడానికి కాదు. అందుకే 2018లోనే భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, తినడానికి పనికిరాని ఐసులో నీలిరంగు కలపాలని ఉత్తర్వు ఇచ్చింది. తెల్లగా ఉంది గదా అని మాత్రం నమ్మకండి. ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళు ట్రేలో పోసుకుంటే ఈ బెంగే లేదు.

రంగు గురించి మిరప పండించే వాళ్ళకు నేను చెప్పాలా? 2003లో మన దేశం నుంచి పోయిన కారంపొడిలో సూడాన్ రంగు బయటపడితే ఐరోపా దేశాలు పరీక్ష పత్రం లేనిదే కారం దిగనివ్వబోమన్నాయి. ఎవరో కలిపిన రంగుకు మన కళ్ళాల్లోని కాయ మాట పడింది. కారంలో వద్దన్న రంగు పిల్ల నాలుక మీద ఎందుకు? ఎరుపు కావాలని పిల్లలు పట్టుబడితే చిన్న బీట్‌రూట్ ముక్క వేయండి, నేరేడుపళ్ళ కాలంలో నేరేడు రసం వేయండి.

ఇక చేసే విధానం. పట్నాల్లో స్లష్ అని గ్లాసుల్లో అమ్ముతున్నారే, అది నీళ్ళూ కాదు, గడ్డా కాదు. చెంచాతో తినవచ్చు, గొట్టంతో పీల్చవచ్చు. ఇది పుట్టిన కథ తమాషాగా ఉంటుంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఒమర్ నెడ్‌లిక్ అనే ఆయన 1950ల చివర్లో డెయిరీ క్వీన్ దుకాణం నడిపేవాడు. మన వ్యాపారమే అనుకోండి, పాల ఐసుక్రీము. సోడా యంత్రం చెడిపోయి సీసాలను ఫ్రీజర్లో పెట్టాడు. సగం గడ్డకట్టిన ఆ సోడానే జనం ఎగబడి అడిగారు. దాని మీద ఆయన యంత్రమే తయారు చేయించాడు. ఇప్పటి యంత్రాల్లో కొన్నిటిలో చక్కెరకు బదులు గ్లిసరాల్ వాడుతున్నారు. చిన్నపిల్లలకు దానివల్ల రక్తంలో చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతున్నారని, ఏడేళ్ళలోపు వారికి అలాంటివి ఇవ్వవద్దని 2025లో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ చెప్పింది. మన ఇంట్లో చేసే దాంట్లో గ్లిసరాల్ పనే లేదు.

అసలు కిటుకు చక్కెరలో ఉంది. వట్టి నీరు సున్న డిగ్రీల దగ్గర రాయిలా బిగుసుకుంటుంది. తీపి కలిసిన నీరు అలా కాదు. ముందు నీరు మాత్రమే పలుకులు పలుకులుగా గడ్డకడుతుంది. మిగిలిన తీపి రసం చిక్కబడి, ఇంకా చల్లబడితే గానీ గట్టిపడదు. ఆ పలుకులకూ రసానికీ మధ్య స్థితే మనకు కావలసినది. పండులో ఉన్న తీపితో కలుపుకుని లీటరుకు 130 నుంచి 150 గ్రాముల చక్కెర ఉంటే చక్కగా కుదురుతుంది. తక్కువైతే ఇసుకలా కరకరలాడుతుంది, మరీ ఎక్కువైతే పాకంలా జారిపోతుంది. నిమ్మరసంలో తీపి లేదు కాబట్టి మొత్తం చక్కెర మనమే వేయాలి. బత్తాయి, పుచ్చకాయ రసాల్లో లీటరుకు 50, 60 గ్రాములు చాలు. బాగా పండిన రసాలకూ, బంగినపల్లికీ ఏమీ అక్కర్లేదు. ఒక చిటికెడు ఉప్పు వేస్తే రుచి లేస్తుంది. చల్లదనానికి నాలుక మొద్దుబారుతుంది గనుక కలిపేటప్పుడు కాస్త ఎక్కువ తీపి అనిపించినా తాగేటప్పుడు సరిపోతుంది. షుగరు వ్యాధి ఉన్నవాళ్ళకు మాత్రం ఇది కాదు, ఉప్పు మజ్జిగే.

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే రసం ఒకపక్క తీసి, నీళ్ళ ఐసు ముక్కలు మరోపక్క వేసి మిక్సీలో తిప్పుతారు. రెండు నిమిషాల్లో ఐసు కరిగి చప్పిడి నీళ్ళవుతుంది. అలా కాకుండా రసంలో సగాన్ని ట్రేలో పోసి గడ్డకట్టించండి, మిగతా సగాన్ని చల్లగా ఉంచండి. రెండూ కలిపి తిప్పితే చివరి గుక్క దాకా పండు రుచే ఉంటుంది. పుచ్చకాయకు అదీ అక్కర్లేదు. గింజలు తీసి, ముక్కలు స్టీలు పళ్ళెంలో ఒకదానికొకటి అంటకుండా పరిచి రాత్రికి ఫ్రీజర్లో పెట్టండి. పొద్దున ఒక నిమ్మచెక్క పిండి తిప్పండి.

మిక్సీ గురించి రెండు మాటలు. 1963లో బొంబాయిలో సుమీత్ మిక్సీ చేసిన మాథుర్ గారు, భార్య వాడుతున్న విదేశీ యంత్రం మన రుబ్బుళ్ళకు తట్టుకోలేక కాలిపోతేనే దీనికి పూనుకున్నారట. అంటే మన మిక్సీ పప్పు రుబ్బడానికి పుట్టింది. ఐసు మీద దాన్ని ఆబగా తిప్పకండి. ముందు రసం పోయాలి, తర్వాత ముక్కలు. గిన్నె సగానికి మించకూడదు. ఫ్రీజర్లోంచి తీసిన ముక్కలను ఐదు నిమిషాలు బయట ఉంచి వేయాలి. ఒక్కసారిగా కాకుండా ఆపి ఆపి, పట్టుమని ఐదారు సార్లు తిప్పితే చాలు. మిక్సీ మధ్యలో ఆగిపోతే కాలిపోయిందని కంగారుపడకండి. చాలా మిక్సీలకు అడుగున ఎర్ర మీట ఉంటుంది. స్విచ్ తీసేసి, కాసేపు చల్లారనిచ్చి అది నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. ఇంకొకటి, నవ్వకండి, కారం పట్టే గిన్నెను దీనికి వాడకండి. ఎంత తోమినా రబ్బరు సందులో కారం ఉంటుంది. మా అత్తగారు నా మొదటి బత్తాయి ఐసు నోట్లో పెట్టుకుని, "ఏమ్మా, ఇందులో మనూరి మిరప కూడా వేశావా?" అని అడిగింది.

ఇప్పుడు పాల మాట. ఏ పండుకు పాలు, ఏ పండుకు పెరుగు అన్నది తెలిస్తే సగం పని తెలిసినట్టే. పాలు పులిస్తే విరుగుతాయని కేంద్రంలో పాలు పోసే మనకు వేరే చెప్పాలా! పుల్లటి పండు పాలల్లో పడినా జరిగేది అదే. అందుకని నిమ్మ, బత్తాయి, పుల్లమామిడి వీటికి పాలు వద్దు, కమ్మటి పెరుగు వాడండి. అది ముందే తోడుకున్నది గనుక విరగడమన్న బాధ లేదు. సపోటా, అరటి, తియ్యమామిడి, తాటిముంజెలు వీటికి పాలు. పాలు కాచి చల్లార్చినవే ఉండాలి, పచ్చిపాలు పనికిరావు. అనాసలో పాల మాంసకృత్తులను కొరికే గుణముంది, అరగంటలో చేదెక్కుతుంది. ముక్కలను కాస్త ఉడికించి చల్లార్చి వేస్తే ఆ గుణం పోతుంది. బొప్పాయితో చేస్తే కలిపిన వెంటనే తాగెయ్యాలి.

ముంజెల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చీరాల, బాపట్ల వైపు నుంచి వేసవిలో మన ఊళ్ళకు గంపలతో వస్తాయి. పొట్టు తీసిన లేత ముంజెలు పన్నెండు, గడ్డకట్టించిన పాల ముక్కలు రెండు గ్లాసులవి, నాలుగు చెంచాల చక్కెర, రెండు ఏలకులు. అంతే. మన గేదెపాలకు వెన్న ఎక్కువ కాబట్టి నున్నగా, మీగడలా వస్తుంది. పెరుగుతో చేసేటప్పుడు మాత్రం ఎక్కువసేపు తిప్పితే వెన్న తేలి గిన్నె అంచున పూసలు కడుతుంది. మజ్జిగ చిలకడం మనకు తెలియనిది కాదు గదా, మిక్సీ కూడా కవ్వమే.

కవ్వం అంటే గుర్తొచ్చింది. ఫ్రిజ్ లేనివాళ్ళు, కరెంటు పోయినవాళ్ళు ఏం చేయాలి? దిమ్మె ఐసు కొట్టి మూడు పాళ్ళు, గళ్ళుప్పు ఒక పాలు బకెట్లో కలపండి. మన చినగంజాం ఉప్పు దీనికి భేషుగ్గా పనికొస్తుంది. ఉప్పు తగిలిన ఐసు సున్నకు దిగువన 15, 20 డిగ్రీల దాకా చల్లబడుతుంది. అందులో మూత గట్టిగా ఉన్న స్టీలు క్యారేజీ గిన్నెలో రసం పోసి దించండి. పది నిమిషాలకోసారి పైకి తీసి, మూత చుట్టూ తుడిచి, అంచులకు కట్టిన పలుకులను కవ్వంతో చిలికి మళ్ళీ దించండి. ముప్పావుగంటలో తయారు. ఇక్కడ బయటి ఐసు గిన్నెలోకి పోకుండా చూసుకుంటే చాలు. మిగిలిన ఉప్పునీళ్ళు గేదెల తొట్టిలో పొయ్యకండి, చెట్టు మొదట్లోనూ పొయ్యకండి.

వడదెబ్బ మాట చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. ఎక్కువగా నష్టపోయినవాటిలో మన రెండు జిల్లాలూ ఉన్నాయి. చేలల్లో, కళ్ళాల్లో పనిచేసినవాళ్ళు వాళ్ళలో చాలామంది. ఐసు కరగడానికి గ్రాముకు 80 కెలోరీల వేడి లాక్కుంటుంది కాబట్టి చల్లటి గ్లాసు ఒళ్ళు చల్లబరుస్తుంది, నిజమే. కానీ ఇది మందు కాదు. కోతకు పోయేవాళ్ళకు ఉప్పేసిన పల్చటి మజ్జిగ బిందెడు పంపండి. అందులో అల్లం, కరివేపాకు వేసి గడ్డకట్టించిన మజ్జిగ ముక్కలు నాలుగు పడేస్తే మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుంది. తూలినా, మాట తడబడినా నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, ఆసుపత్రికి తీసుకుపోవాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో ఏదీ పొయ్యకూడదు, ఐసు అసలే వద్దు.

కార్యదర్శి గారు నా వంక చూస్తున్నారు. పాలు ఇంట్లో వాడుకోమని చెబితే కేంద్రానికి వచ్చేవి తగ్గుతాయని ఆయన బెంగ. తగ్గవండీ. ఇంటికి అరలీటరు చొప్పున ఆపుకోమంటున్నాను, అదీ సాయంత్రం పూట. మా ఇంట్లో కొలత చెంబు విడిగా పెట్టాను. ముందు ఆ చెంబు నిండాలి, తర్వాతే క్యాను. మా ఆయన మొదట్లో గొణిగాడు. పదిరోజులకోసారి వచ్చే బిల్లులో ఎంత తగ్గిందో ఇద్దరం కూర్చుని లెక్కేశాం. తిరునాళ్ళలో, బడి గేటు దగ్గర పిల్లలకు ఐసులకు, కూల్‌డ్రింకులకు ఇచ్చే చిల్లరను దాని పక్కన రాశాం. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ గొణగలేదు.

మూడు గంటలకు కరెంటు పోతుందంటున్నారు. ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. ఆ పుచ్చకాయ ముక్కల పళ్ళెం ఇటు అందించు తల్లీ. వదినా, మీరు నిమ్మకాయ కొయ్యండి. పెరుగు ఎవరు తెచ్చారు?