ఉన్నత పాఠశాలలో విషయముల ఎన్నిక – కళాశాల ప్రవేశము

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల చదువును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మన సంఘము వారు నన్ను కోరిరి. సాహిత్య గోష్ఠులకును, సంగీత సభలకును అలవాటుపడిన ఈ వేదికపై ప్రవేశ పరీక్షల ప్రసంగము కొంత నీరసముగా తోచవచ్చును. అయినను మన క్వార్టర్లలో ఇద్దరు తల్లిదండ్రులు కలసికొనినచో మొదట వచ్చు ప్రస్తావన ఇదియే గదా! కావున సంకోచింపక ప్రారంభించుచున్నాను.

నేను చెప్పదలచినది ముఖ్యముగా ఒక్కటియే. కళాశాల ప్రవేశము 12వ తరగతి ఫలితములు వెలువడిన పిమ్మట నిర్ణయమగునని మనము తలంచుచున్నాము. నిజమునకు చాల భాగము 9వ తరగతికిని 11వ తరగతికిని నడుమనే నిర్ణయమై పోవుచున్నది. అప్పుడు బిడ్డ ఏ విషయము తీసికొనెను, దేనిని విడిచెను, ఏ రాష్ట్రమున చదివెను – ఇవియే తరువాత కొన్ని తలుపులు తెరచుచున్నవి, కొన్నిటిని మూయుచున్నవి. ఆలోచించి ఒక తలుపు మూసినచో విచారము లేదు. తెలియక మూసికొనుటయే బాధాకరము.

మొదట గణితమును చూతము. కేంద్ర మాధ్యమిక విద్యా మండలి, అనగా సి.బి.ఎస్.ఇ., 2019-20 విద్యా సంవత్సరము నుండి 10వ తరగతి గణితమునకు స్టాండర్డు, బేసిక్ అను రెండు స్థాయిల పరీక్షలు జరుపుచున్నది. పాఠములు ఒక్కటే, ప్రశ్నపత్రములు వేరు. బేసిక్ వ్రాసినవారు పై తరగతులలో గణితము తీసికొనరాదని మొదట నియమించిరి; తరువాత ఆ నియమమును సడలించిరి. సడలింపు ఉన్నది గదా యని ధైర్యపడక, సులభమైన పత్రము వైపు మొగ్గుటకు ముందే ఆ యేటి సర్క్యులరును పాఠశాలలో అడిగి చూచుట మంచిది.

గణితము ఇంజనీర్లకే కావలెనను భ్రమ మనలో బలముగా నున్నది. ఒక బాలిక చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రములు ఇష్టపడి 11వ తరగతిలో హ్యుమానిటీసు తీసికొని, గణితమును విడిచెననుకొనుడు. రెండేండ్ల తరువాత మంచి మార్కులతో ఉత్తీర్ణురాలై, ఢిల్లీ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము ఆనర్సు చదువగోరినది. ఆ కోర్సునకు ప్రవేశ పరీక్షలో గణితము వ్రాయుట తప్పనిసరి. పరీక్షలో వ్రాయు విషయమును 12వ తరగతిలో చదివి యుండవలెననియు ఆ విశ్వవిద్యాలయపు నియమము. బాలిక తెలివికి లోపము లేదు, శ్రమకు లోపము లేదు. రెండేండ్ల క్రిందట ఈ సంగతి ఆమెకు చెప్పినవారే లేరు.

కేంద్రీయ విశ్వవిద్యాలయముల ఉమ్మడి ప్రవేశ పరీక్ష – సి.యు.ఇ.టి. – 2022లో వచ్చెను. 12వ తరగతిలో ఏమి చదివినను ఏ విషయమునైనను వ్రాయవచ్చునని 2025లో పరీక్షా నిర్వాహకులు వెసులుబాటు కల్పించిరి. కాని పరీక్ష వ్రాయనిచ్చుట వేరు, సీటు ఇచ్చుట వేరు. సీటు ఇచ్చునది విశ్వవిద్యాలయము. దాని నియమమునే చదువవలెను.

ఇక విజ్ఞాన శాస్త్రములు. మన తెలుగునాట ఎం.పి.సి., బై.పి.సి. అని రెండే లోకములున్నట్లు మాటలాడుకొందుము. ఏది కావలెనో నిజముగా తేలని బిడ్డ, సి.బి.ఎస్.ఇ. పాఠశాలలో ఇంగ్లీషు, భౌతిక, రసాయన, గణిత, జీవశాస్త్రములు ఐదును తీసికొని రెండు త్రోవలను తెరచి యుంచుకొనవచ్చును. ఇది బరువైన పని. తండ్రి నిర్ణయించుకొనలేనందున బిడ్డపై మోపదగినది కాదు. జీవశాస్త్రమును అదనపు విషయముగా ఉత్తీర్ణులైనవారిని కూడ వైద్య ప్రవేశమునకు అనుమతింతుమని జాతీయ వైద్య కమిషను 2023లో ప్రకటించినది. మూసిన తలుపు మరల కొంత తెరచుకొనినదన్నమాట. అయినను ఆ దారిన పోవువానికి అదనపు కాలము, అదనపు శ్రమ తప్పవు.

ఐ.ఐ.టి. ఆశించు కుటుంబములలో మరియొక పొరపాటు కలదు. మూడు విషయములు తప్ప తక్కినవి లెక్కకు రావని పిల్లలకు నూరిపోయుచున్నారు. ఐ.ఐ.టి. ప్రవేశమునకు ర్యాంకుతో బాటు, సామాన్య వర్గము వారికి 12వ తరగతిలో 75 శాతము మార్కులైనను ఉండవలెను, లేదా తమ బోర్డులో పై 20 పర్సెంటైలులోనైనను ఉండవలెను. ఆ లెక్కలో భౌతిక, రసాయన, గణితములతో పాటు ఒక భాషయు, మరియొక విషయమును చేరును. నిర్లక్ష్యము చేసిన భాషయే, చివర ఐదవ వ్రేలివలె, పిడికిలి బిగియు వేళ అక్కరకు వచ్చును.

భాష యనగా మన తెలుగును తలంచుకొనక తప్పదు. సి.యు.ఇ.టి.లో వ్రాయదగిన 13 భాషలలో తెలుగు ఒకటి. సి.బి.ఎస్.ఇ. పాఠ్యప్రణాళికలోను తెలుగు కలదు. మన సంఘము పండుగలనాడు పిల్లలచే పద్యములు చదివించుచున్నది; దానితో పాటు, తెలుగు కోరు పిల్లల తల్లిదండ్రులు విడివిడిగా గాక కలసి పాఠశాల ప్రధానాచార్యులకు అర్జీ పెట్టుకొనినచో మేలు కలుగవచ్చును.

ఇప్పుడు బదిలీ ఉద్యోగులమైన మనకు మిక్కిలి ముఖ్యమైన సంగతికి వత్తును. రాజ్యాంగపు 371-డి అధికరణము క్రింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 85 శాతము సీట్లను స్థానికులకు కేటాయించెను. అర్హత పరీక్షతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు అచటి విద్యాసంస్థలలో చదువుట అందు ముఖ్యమైన కొలబద్ద. ఆ నాలుగేండ్లు ఏవి? 9, 10, 11, 12 తరగతులే. రెండు తెలుగు రాష్ట్రముల ఉమ్మడి ప్రవేశముల గడువు 2024 జూన్ 2తో ముగిసినది. తెలంగాణమున వైద్య విద్యకు పెట్టిన నాలుగేండ్ల నియమమును సుప్రీంకోర్టు 2025లో సమర్థించినది. కనుక తాతలనాటి ఇల్లు వరంగల్లులోనున్నను, గుంటూరులోనున్నను, బిడ్డ చదువు భోపాలులో జరిగినచో స్థానికత దానంతట అదియే రాదు. మినహాయింపులు ఎవరికి వర్తించునో ఆ యేటి ప్రవేశ ప్రకటనలో చూడవలెను.

దీనికి మరియొక ముఖము కలదు. ఎన్.ఐ.టి.లలో స్వరాష్ట్రపు కోటా 12వ తరగతి ఉత్తీర్ణమైన రాష్ట్రమును బట్టి వచ్చును. భోపాలులో చదివిన తెలుగు బాలునకు ఆ లెక్కలో స్వరాష్ట్రము మధ్యప్రదేశమే. కావున బదిలీ యుత్తర్వు చేతికి వచ్చినపుడు, కుటుంబమును వెంట తీసికొని పోవుటా, తల్లిని బిడ్డలను ఊరిలో ఉంచుటా అను ప్రశ్నకు అందరికి ఒకే జవాబు లేదు. బిడ్డ ఏ తరగతిలో నున్నాడో, ఏ చదువు కోరుచున్నాడో చూచి జవాబు వెదకవలెను. రెండు కాపురముల ఖర్చును, తండ్రి లేని నాలుగేండ్లను కూడ తూకమున వేయవలెను.

పేరు ఒక పాఠశాలలో, బిడ్డ ఒక కోచింగు కేంద్రములో నుండు పద్ధతి నేడు వ్యాపించినది. సి.బి.ఎస్.ఇ. నియమము ప్రకారము 75 శాతము హాజరు ఉండవలెను. ఇట్టి హాజరులేని విద్యార్థులను చేర్చుకొన్నందులకు 2024 నవంబరులో 21 పాఠశాలల గుర్తింపును మండలి రద్దుచేసినది. అట్టి చోట చేర్చిన బిడ్డ, తాను చేయని తప్పునకు చిక్కుపడగలడు.

చివరగా ఒక లెక్క. 2025లో జె.ఇ.ఇ. మెయిన్ వ్రాసినవారు 14 లక్షలకు పైబడిరి, ఐ.ఐ.టి.ల సీట్లు 18,160. అనగా శ్రద్ధగా చదివిన పిల్లలలోను అధిక సంఖ్యాకులకు ఆ సీటు రాదు. ఇది పిల్లలకు ముందే తెలియవలెను. తల్లిదండ్రులకు అంతకంటె ముందు తెలియవలెను. ఆ ఒక్క పరీక్షకు తప్ప మరి దేనికిని పనికిరాని చదువు చదివించినచో, ఓడిన బిడ్డకు నిలువ నీడ యుండదు. గణితము, భాష, మరియొక ఇష్టమైన విషయము చక్కగా నేర్చిన బిడ్డకు ఐ.ఐ.టి. రాకున్నను పది త్రోవలుండును.

కావున 8వ తరగతి సెలవులలో ఒక సాయంకాలము బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. “నీకేమి ఇష్టము?” అని మొదట అడుగుడు. తరువాత ఆ చదువు చెప్పు రెండు మూడు సంస్థల ప్రకటనలు కలసి చదువుడు. ఏ విషయములు, ఎన్ని మార్కులు, ఏ రాష్ట్రపు నివాసము కావలెనో ఒక కాగితముపై వ్రాసికొనుడు. నియమములు ఏటేట మారును గాన ఆ కాగితమును ఏటేట దిద్దుకొనుడు. మన సంఘమున పెద్దపిల్లల చదువులు ముగించిన తల్లిదండ్రులు అనేకులున్నారు. క్రొత్తగా బదిలీపై వచ్చిన కుటుంబములకు వారొక ఆదివారము సలహా చెప్పు ఏర్పాటు చేయుడని కార్యవర్గము వారిని ప్రార్థించుచున్నాను.