కరెంటు ఆటో – రెండు కాగితాలు



రోడ్డు మీద పచ్చ నంబరు ప్లేటు ఉన్న బండ్లు మీరు చూసే ఉంటారు. అవి కరెంటుతో నడిచే బండ్లు. సొంత బండి అయితే పచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలు ఉంటాయి. బాడుగ బండి అయితే పసుపు అక్షరాలు. 2018 నుంచి ఈ పద్ధతి వచ్చింది. ఈ బండికి పెట్రోలు పని లేదు. పొగ రాదు. రాత్రి చార్జింగ్ పెడితే పొద్దున్నే బయల్దేరొచ్చు.

ఒక ఊళ్లో ఆటో నడిపే అన్న ఉన్నాడనుకుందాం. 2025లో పాత ఆటో అమ్మేసి కరెంటు ఆటో కొనాలనుకున్నాడు. ఆయన భార్య రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కూడబలుక్కునే చదువుతుంది, కానీ చదువుతుంది. ఇద్దరూ కలిసి షోరూముకు పోయారు.

అక్కడి కుర్రాడు గడగడా లెక్క చెప్పాడు. "సబ్సిడీ పోను ఇంత. ఇక్కడ సంతకం పెట్టన్నా" అన్నాడు. అన్న పెన్ను తీసుకున్నాడు. అక్క ఆపింది.

"ఉండయ్యా. సబ్సిడీ ఎంతో ఈ కాగితంలో ఎక్కడుంది? చూపించు నాయనా" అని అడిగింది.

అడగాల్సిన మాటే. సబ్సిడీ షోరూము వాళ్ల దయ కాదు. ప్రభుత్వం ఇచ్చే డబ్బు. ప్రభుత్వం డబ్బు చెట్టుకు కాసింది కాదు. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా అందరం కట్టే పన్నులోంచి వచ్చిందే.

కరెంటు బండ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2015లో ఫేమ్ అనే పథకం పెట్టింది. 2019లో రెండో విడత మొదలైంది. దానికి మొదట 10,000 కోట్ల రూపాయలు కేటాయించారు. తర్వాత 11,500 కోట్లకు పెంచారు. 2024 మార్చితో అది అయిపోయింది. తిరుమల కొండ ఎక్కే కరెంటు బస్సులు ఆ పథకం కింద వచ్చినవే. 2022లో అవి తిరగడం మొదలుపెట్టాయి.

2024 అక్టోబరులో పి.ఎం. ఇ-డ్రైవ్ అనే కొత్త పథకం వచ్చింది. 10,900 కోట్లు.

ఆటోకు ఎంత వచ్చేదో లెక్క కష్టం కాదు. ఇంటి కరెంటు బిల్లులో యూనిట్లు ఉంటాయి కదా! బ్యాటరీని కూడా యూనిట్లలోనే కొలుస్తారు. రెండో ఫేమ్‌లో ఆటోకు యూనిట్‌కు 10,000 రూపాయలు ఇచ్చారు. కొత్త పథకంలో అది 5,000 అయింది. 2025 ఏప్రిల్ నుంచి 2,500 అయింది. మన అన్న ఆటోలో 8 యూనిట్ల బ్యాటరీ ఉందనుకోండి. ఎనిమిది రెండువేల అయిదు వందలు 20,000. ఎదురింటాయనకు అంతకు ముందు ఎక్కువ వచ్చిందని ఇప్పుడు పోట్లాడితే లాభం లేదు. కొన్న రోజున ఏ రేటు అమల్లో ఉందో అదే వర్తించేది.

ఈ డబ్బు కొన్నవాళ్ల చేతికి వచ్చేది కాదు. బిల్లులో తగ్గించేవారు. ఆ తర్వాత కంపెనీ ప్రభుత్వం దగ్గర తీసుకునేది. అందుకే బిల్లులో సబ్సిడీ వేరే వరసలో కనిపించాల్సి ఉండేది. ఇ-డ్రైవ్‌లో కొన్నవాళ్ల ఫోనుకు ఒక వోచరు పంపే ఏర్పాటు చేశారు. దాని మీద కొన్నవాళ్లు సంతకం చేయాల్సి ఉండేది. అంటే మన సంతకం మీదే ఆ డబ్బు కదిలేది.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? రెండో ఫేమ్‌లో ఒక షరతు ఉండేది. బండిలోని ముఖ్యమైన సామాన్లు మన దేశంలోనే తయారు కావాలి. కొన్ని స్కూటర్ కంపెనీలు విదేశీ సామాన్లు బిగించి సబ్సిడీ తీసుకున్నాయని తేలింది. 2023లో 7 కంపెనీలను ఆ డబ్బు వెనక్కి కట్టమని ప్రభుత్వం అడిగింది. సుమారు 469 కోట్లు!

మరి కార్లకు? రెండో ఫేమ్‌లో టాక్సీలకే ఇచ్చారు, సొంత కార్లకు ఇవ్వలేదు. ఇ-డ్రైవ్‌లో కార్లకు అసలే లేదు. అయితే పన్ను రాయితీ కార్లకూ ఉంది. 2019 ఆగస్టు నుంచి కరెంటు బండ్ల మీద జి.ఎస్.టి. 5 శాతమే. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేస్తూ 2024 నవంబరులో ఉత్తర్వు వచ్చింది. బండి ఖరీదు పెరిగేకొద్దీ మాఫీ కూడా పెరుగుతుంది. పదిమంది ఎక్కి దిగే ఆటోకు కొంచెం, ఒక్కరు తిరిగే పెద్ద కారుకు చాలా. ఇదేం న్యాయమని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం.

సరే, అక్క బిల్లు చదివింది. 20,000 కనిపించింది. అన్న సంతకం పెట్టాడు. ఆటో ఇంటికొచ్చింది. దాంతోపాటు ఒక చిన్న పుస్తకం కూడా ఇచ్చారు. అన్న దాన్ని సీటు కింద పడేశాడు.

వానాకాలంలో ఒకరోజు ఆటో దారిలో ఆగిపోయింది. అటుగా ట్రాక్టరు వచ్చింది. "తాడు కట్టు బావా, ఊళ్లోకి లాక్కుపోదాం" అన్నాడు ట్రాక్టరాయన. పాత ఆటోను అలా ఎన్నిసార్లు లాగించలేదు! అక్క సీటు కింద పుస్తకం తీసి చూసింది. బొమ్మ వేసి ఉంది. తాడు కట్టి లాగే బొమ్మ మీద ఎర్ర గీత కొట్టి ఉంది.

ఎందుకో తెలుసుకోవాలంటే సైకిల్ డైనమో గుర్తు చేసుకోండి. చక్రం తిరిగితే డైనమో తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. కరెంటు బండి మోటారు కూడా అంతే. కరెంటు ఇస్తే చక్రాన్ని తిప్పుతుంది. చక్రం దాన్ని తిప్పితే కరెంటు పుట్టిస్తుంది. తిరుమల కొండ దిగేటప్పుడు కరెంటు బస్సుకు ఇది మేలే. చక్రాలు పుట్టించిన కరెంటు బ్యాటరీలోకి పోతుంది. కానీ చెడిపోయిన బండిలో ఆ కరెంటును అదుపు చేసేది పని చేయకపోవచ్చు. అప్పుడు లోపలి భాగాలు వేడెక్కి కాలిపోవచ్చు. చిన్న రిపేరు పెద్ద ఖర్చవుతుంది.

గేరు న్యూట్రల్‌లో పెడితే సరిపోదా? చాలా బండ్లలో సరిపోదు. న్యూట్రల్‌లో ఉన్నా చక్రంతో పాటు మోటారు తిరుగుతూనే ఉంటుంది. ముందు చక్రం ఎత్తి కట్టినా ఆటోకు లాభం లేదు. మోటారు ఉండేది వెనక చక్రాలకు. అందుకే బండి మొత్తాన్ని ఎత్తి, చదునుగా ఉండే ట్రాలీ మీద తీసుకుపోవాలి. కొన్ని కంపెనీలు కొద్ది దూరం, నెమ్మదిగా లాగొచ్చని రాస్తాయి. ఏ బండికి ఏది చెల్లుతుందో దాని పుస్తకమే చెప్పాలి. కరెంటు బండితో వేరే బండిని లాగాలన్నా అంతే, అందులో ఒప్పుకుంటేనే లాగాలి.

ఇంకొక మాట. కరెంటు కార్లలో నారింజ రంగు తొడుగు ఉన్న తీగలు ఉంటాయి. వాటిలో పోయే కరెంటు మనిషిని చంపగలదు. వరద నీళ్లలో మునిగిన కారును చూసి సాయం చేద్దామని ఎవరూ వాటి మీద చెయ్యి వేయకూడదు.

ట్రాక్టరాయనకు మొదట నమ్మకం కలగలేదు. "బొమ్మ చూసి భయపడతావేందక్కా" అని నవ్వాడు. అక్క ఇంకో పేజీ తిప్పింది. సాయం కోసం పిలవాల్సిన ఫోను నంబరు అక్కడుంది. అన్న ఫోను చేశాడు. రెండు గంటలు ఆలస్యమైంది. వానలో తడిశారు. చివరికి ట్రాలీ వచ్చింది, ఆటోను ఎక్కించుకుపోయింది. ఒక తీగ ఊడిందని చెప్పి మెకానిక్ అదే సాయంత్రం బాగు చేసిచ్చాడు.

ఇంటికొచ్చాక అక్క ఒక అట్టముక్క కత్తిరించింది. దాని మీద ఆ నంబరును పెద్ద అంకెలతో రాసింది. కింద "తాడు కట్టవద్దు, ట్రాలీ పిలవాలి" అని రాసి ఆటో అద్దం పక్కన అంటించింది.