శబరి ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు?
(కల్లూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది భద్రాచలం డివిజన్‌లో కొంతకాలం ఉద్యోగం వెలగబెట్టినవారే. కూనవరం వద్ద శబరి గోదావరిలో కలవడం చూడనివారు తక్కువ. అయితే అది ఎక్కడి నుండి శబరి అయిందో విచారించారా?

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సింకారం కొండల్లో పుట్టినప్పుడు దాని పేరు కొలాబ్. అక్కడి ఆనకట్ట కూడా ఎగువ కొలాబే. తరువాత సుమారు 200 కిలోమీటర్లు ఒడిశాకు, ఛత్తీస్‌గఢ్‌కు సరిహద్దుగా పారుతుంది. ఒక గట్టున కొలాబ్, ఎదుటి గట్టున శబరి! రామాయణంలోని శబరి పేరని కొందరు, శబరుల పేరని కొందరు అంటారు. గూడేల నడుమ పారే ఏటికి రెండూ నప్పుతాయి.

సీలేరు కథ మరీ చిత్రం. విశాఖ మన్యంలో పుట్టి, మాచ్‌ఖండ్ అనిపించుకుని, డుడుమ వద్ద జలపాతమై దూకి, దిగువన సీలేరు అవుతుంది. 1955లో మొదలైన విద్యుత్ కేంద్రం పేరు మాచ్‌ఖండ్, మోతుగూడెం దగ్గరది సీలేరు. బిల్లు కట్టే మనకు కరెంటు ఒక్కటే. ఛత్తీస్‌గఢ్‌లోని కుంటకు ఎదురుగా, ఒడిశాలోని మోటు వద్ద ఇది శబరిలో కలిసి తన పేరు వదులుకుంటుంది. అన్నట్టు, సీలేరు, మున్నేరు, పాలేరు అన్నింటిలోనూ ఏరు ఉంది గదా, మళ్ళీ నది అని తగిలిస్తాము!

ఆఫ్రికాలోనూ ఇంతే. కాంగో నది ఎగువన లువాలాబా. సముద్రం దగ్గరివారు న్జాదీ అన్నారు, అంటే నది అనే అర్థం. పోర్చుగీసు నావికుల నోట అది జైర్ అయింది. 1971లో అక్కడి ప్రభుత్వం నదికీ దేశానికీ ఆ పేరే పెట్టింది, 1997లో మళ్ళీ కాంగో అన్నది.

మనం గుమాస్తాలం, రికార్డుకెక్కిన పేరే మనకు పేరు. 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ తీర్పులో ఈ పరీవాహకమంతా శబరి పేరుతోనే ఉంది. కానీ ఎగువన కొలాబ్ పొంగిందని వార్త వస్తే అది చింతూరు వారి శబరేనని కొత్తగా వచ్చిన ఉద్యోగికి తెలియాలా వద్దా? కూనవరంలో గోదావరి ఎత్తుగా ఉంటే శబరి నీరు వెనక్కి తన్నుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద 71 అడుగులు దాటిన సంగతి మీకు తెలిసిందే.

2014లో ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. పోలవరంలో పూర్తి మట్టానికి నీరు నిలిపితే కూనవరం సంగమం జలాశయంలో భాగమవుతుంది. శబరి అనే పేరు ముగిసే చోటు ఎగువకు జరుగుతుంది. మధ్యలోని రేవుల పేర్లు, గూడేల పేర్లు ఏ పటంలోనూ పూర్తిగా లేవు. అక్కడ పనిచేసినవారు, అక్కడ పుట్టినవారు మనలో ఉన్నారు. భోజనాలయ్యాక ఒక్కొక్కరు వచ్చి చెబితే వ్రాసి పెడతాను. పుస్తకం, పెన్ను తెచ్చుకున్నాను.