మోత యంత్రానిది, మాట మనిషిది

 తెలుగు వెబ్ పత్రికలు నడిపేవారు, వాటికి రాసేవారు, వాటి వెనుక సాంకేతిక భారం మోసేవారు ఒకచోట కూడిన ఈ సభలో ఒక్క విషయాన్నే చర్చకు పెడతాను. మన పత్రికలో కొత్తగా వచ్చిన రచనలను దేశదేశాల పాఠకులకు ఈమెయిల్ ఉత్తరంగా పంపే పని యంత్రానికి ఎంతవరకు అప్పగించవచ్చు? మోసే పనంతా యంత్రానికి ఇచ్చేయాలనీ, పాఠకుడితో మాట్లాడే పని మాత్రం సంపాదకుడి చేతిలోనే ఉండాలనీ నా వాదన.

అసలు ఈమెయిల్ ఎందుకన్న ప్రశ్న ముందు వస్తుంది. ఫేస్‌బుక్ ఉంది, వాట్సాప్ గుంపులున్నాయి, లంకె పెడితే చాలదా అంటారు. తెలుగు వెబ్ పత్రికకు మొదటి నుంచీ పాఠకులు చెల్లాచెదురుగానే ఉన్నారు. 1998లో ‘ఈమాట’ వెబ్ పత్రిక మొదలైంది అమెరికాలోని తెలుగువారి చేతుల మీదుగానే. ఇవాళ ఒకే వ్యాసాన్ని డాలస్‌లో ఒకరు, లండన్‌లో ఒకరు, హోసూరులో ఒకరు చదువుతారు. ఇలాంటి పాఠకుల దగ్గరికి వెళ్లే దారి మన చేతిలో లేకపోతే ఏమవుతుందో చరిత్ర రెండుసార్లు చూపించింది. వెబ్‌సైట్లలో కొత్తగా పడినవాటి వివరాలు అందించే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌ల ద్వారా రచనలు చదువుకునేవారికి ఆధారమైన గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడింది. ఫీడ్‌ను ఈమెయిల్‌గా మార్చి పంపే ఫీడ్‌బర్నర్ 2004లో పుట్టి, 2007లో గూగుల్ చేతికి వెళ్లి, 2021లో ఆ ఈమెయిల్ సేవనే ఆపేసింది. చందాదారుల చిరునామాలను ముందే దించి దాచుకున్నవారు మరో సేవకు మారి ఉత్తరాలు కొనసాగించగలిగారు. దాచుకోనివారికి పాఠకులతో ఉన్న తీగ తెగిపోయింది. ఫేస్‌బుక్‌లో మన పేజీని ఎవరికి చూపాలో ఆ సంస్థ నిర్ణయిస్తుంది. ఈమెయిల్ చిరునామాల జాబితా మాత్రం పత్రిక సొంత ఆస్తి. ఊరు మారినా, సేవ మారినా వెంట తీసుకుపోవచ్చు.

ఇక యంత్రం బాగా చేసే పనులు చూద్దాం. పత్రికలో రచన పడగానే దాని శీర్షిక, రచయిత పేరు, లంకె ఫీడ్‌లోకి చేరతాయి. ఉత్తరాలు పంపే సాఫ్ట్‌వేర్ ఆ ఫీడ్‌ను చూసుకుంటూ ఉండి, వారానికోసారి కొత్తవన్నీ ఏరి, ఒక అచ్చులో పోసి, వేలమందికి పంపుతుంది. చెడిపోయిన చిరునామాలను తీసేస్తుంది, వద్దన్నవారిని వెంటనే తప్పిస్తుంది. ఇది చేత్తో చేస్తే తప్పులు తప్పవు. వేళ లెక్క మరీ చిక్కు. హైదరాబాద్‌లో ఉదయం 6 గంటలకు పంపిన ఉత్తరం న్యూజెర్సీలో చలికాలమైతే ముందురోజు రాత్రి ఏడున్నరకు, వేసవిలో ఎనిమిదిన్నరకు చేరుతుంది. మెల్‌బోర్న్‌లో అప్పటికి పగలు పదిన్నరో పదకొండున్నరో అయి ఉంటుంది. మనకు గడియారం మార్చుకునే అలవాటు లేదు, వాళ్లకు ఉంది. పైగా అమెరికాలో గడియారం ముందుకు జరిపే కాలంలో ఆస్ట్రేలియాలో వెనక్కి జరుపుతారు. ఎవరి ఊళ్లో వాళ్లకు ఉదయం ఏడింటికి ఉత్తరం అందేలా చూడడం యంత్రానికి చిటికెలో పని. ఆ పని దానికే వదలాలి.

అయితే అదే యంత్రం భాష దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. ఉత్తరంలో వ్యాసం మొత్తం పెట్టం, మొదటి కొంత భాగం పెట్టి ‘ఇంకా చదవండి’ అంటాం. ఆ భాగాన్ని యంత్రం లెక్కపెట్టి కోస్తుంది. వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ మామూలుగా 55 మాటల దగ్గర కోస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు అక్షరాలను లెక్కపెడతాయి. ‘శాస్త్రి’ అన్న మాట తీసుకోండి. మన కంటికి అది రెండక్షరాలు. కంప్యూటర్ లిపి ప్రమాణమైన యూనికోడ్‌లో మాత్రం శ, దీర్ఘం, స, పొల్లు, త, పొల్లు, ర, గుడి అని ఎనిమిది సంకేతాలు. నాలుగో దాని దగ్గర కోత పడితే ‘శాస్’ మిగులుతుంది, ఐదో దాని దగ్గర పడితే ‘శాస్త’ మిగులుతుంది. ఒక కవి పేరు చివర ఇలా తెగితే చదివేవాడికి చివుక్కుమంటుంది. మాటల లెక్కన కోసినా గండం తప్పదు, ఎందుకంటే మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, కాదనడం కూడా చివరే వస్తుంది. ‘ఈ నవల పల్లె బతుకును ఉన్నదున్నట్టు చిత్రించిందని చాలామంది విమర్శకులు అంటారు గాని, ఆ మాట నేను ఒప్పుకోను’ అని ఒక విమర్శకుడు రాశాడనుకుందాం. ‘అంటారు’ దగ్గర కోత పడితే ఆయన ఖండించిన అభిప్రాయమే ఆయన అభిప్రాయంగా లోకమంతా వెళుతుంది. ఇంగ్లిష్‌లో క్రియ ముందే వస్తుంది కాబట్టి ఈ కోత అక్కడ అంతగా గాయపరచదు. ఆ భాషను దృష్టిలో పెట్టుకుని చేసిన కత్తెర మన వాక్యం మీద పడితే వాక్యం ప్రాణమే పోతుంది.

అలాగైతే కోయకుండా వ్యాసాలన్నీ పూర్తిగా పెట్టేద్దామని కొందరంటారు. అక్కడా ఒక అడ్డుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలితే, తెలుగులో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు కావాలి. ఉత్తరం సుమారు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ దాని అడుగు భాగాన్ని కనబడకుండా మడిచేస్తుంది. మూడు పెద్ద వ్యాసాలు పెడితే ఆ హద్దు దాటిపోతాం. ఆ అడుగు భాగంలోనే ‘ఇక నాకు పంపవద్దు’ అనే లంకె ఉంటుంది. అది దొరకని పాఠకుడు విసుగెత్తి ‘స్పామ్’ మీట నొక్కుతాడు. 2024 నుంచి గూగుల్ నిబంధన ప్రకారం ఆ ఫిర్యాదులు వెయ్యి ఉత్తరాలకు మూడు దాకా చేరకూడదు. చేరితే మిగతా పాఠకులకు కూడా ఉత్తరం అందడం కష్టమవుతుంది.

భాష తర్వాత మనిషి చేతిలోనే ఉండాల్సింది మర్యాద. ప్రవాస సంఘాల సభ్యుల జాబితా దొరికితే మొత్తం యంత్రంలో పోసేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మంచి సాహిత్యం పంపుతున్నాం, తప్పేముంది అంటారు. తలుపు తట్టకుండా ఇంట్లోకి వెళ్లడమే ఆ తప్పు. 2018 మే 25న అమల్లోకి వచ్చిన యూరప్ వ్యక్తిగత సమాచార చట్టం జీడీపీఆర్ ప్రకారం ఒకరి చిరునామాను వాడుకోవాలంటే చట్టబద్ధమైన ఆధారం ఉండాలి. కెనడా చట్టం 2014 నుంచి ముందస్తు అనుమతి అడుగుతోంది. అమెరికా చట్టం వ్యాపార ఉత్తరాల్లో పంపినవారి తపాలా చిరునామా ఉండాలనీ, వద్దన్నవారిని పది పనిదినాల్లో తీసేయాలనీ చెబుతుంది. మనది వ్యాపారం కాకపోయినా ఆ మర్యాద పాటించడం మనకే మేలు. పండుగ పలకరింపు కూడా ఈ కోవలోదే. ఉగాదిని సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి నిర్ణయిస్తారు. తిథిని బట్టి వచ్చే పండుగలు కొన్నేళ్లు ఇక్కడ ఒకరోజు, అమెరికాలో ముందురోజు పడతాయి. హైదరాబాద్ క్యాలెండర్ చూసి ‘నేడే పండుగ’ అని అందరికీ పంపితే, నిన్ననే పచ్చడి తిన్న ఇంటికి ఆ ఉత్తరం పరాయిదిగా అనిపిస్తుంది.

చివరి అభ్యంతరం బలమైనది. ఈ పత్రికలు నడిపేది ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిపూట కూర్చుని పనిచేసేవారు. వాళ్లకు ఇంత తీరిక ఎక్కడిది? కృత్రిమ మేధ చేత సారాంశం రాయించవచ్చు కదా? తీరిక లేదన్నది నిజమే. అందుకే నేను అడుగుతున్నది కొంచెమే. ఒక్కో రచనకు రెండు వాక్యాలు చాలు. రచన పంపేటప్పుడే ఆ రెండు వాక్యాలు రాసివ్వమని రచయితను అడగవచ్చు. పత్రిక ఫారంలో ఒక గడి చేర్చి, యంత్రం కోత మానేసి ఆ గడిలోని వాక్యాలనే తీసుకునేలా ఒకసారి అమరిస్తే, ఆ తర్వాత ప్రతి వారం అదే సాగుతుంది. కృత్రిమ మేధ ముసాయిదా ఇస్తే ఇవ్వనీయండి. కాని అది ఒక కథ ముగింపును ముందే చెప్పేసిందో, వ్యంగ్యాన్ని నిజమనుకుందో కనిపెట్టగలిగేది ఆ రచన చదివిన మనిషే. కాబట్టి చివరి చూపు మనిషిదే కావాలి.

ఈ సభ నుంచి వెళ్లాక ప్రతి సంపాదకుడూ మూడు పనులు చేయాలని కోరుతున్నాను. చందాదారుల జాబితాను ఈ వారమే సొంతంగా దించి భద్రపరచుకోండి. యంత్రం కోసే సారాంశాన్ని ఆపి, రచయిత రాసిన రెండు వాక్యాలు వెళ్లేలా మార్చండి. మీ పత్రిక ఉత్తరాన్ని మీ చిరునామాకే తెప్పించుకుని, పంపేముందు ఒక్కసారి పాఠకుడిలా పైనుంచి కిందిదాకా చదవండి. ఎక్కడో పరాయి ఊళ్లో పొద్దున్నే ఫోన్ తెరిచే మనిషికి ఆ రోజు కనబడే మొదటి తెలుగు వాక్యం మీ ఉత్తరంలోదే కావచ్చు. అది సగంలో తెగని వాక్యమై ఉండాలి.