ఏకచక్రపురంలో ఒక ఇల్లు



చింతామణి తాలూకాలోని కైవారమే భారతంలోని ఏకచక్రపురమని మన ప్రాంతంలో పెద్దలు చెప్పుకుంటారు. అక్కడి భీమలింగేశ్వరుణ్ణి ప్రతిష్ఠించింది భీముడేనని స్థలపురాణం. బకాసురుణ్ణి చంపిన కథ మన పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ పోరాటానికి ముందు జరిగిన సంగతులను ఈ పూట గుర్తుచేసుకుందాం.

లక్క ఇంటి నుంచి తప్పించుకొన్న కుంతి, కొడుకులతో అడవి పట్టింది. అక్కడ వాళ్ళను చంపబోయిన హిడింబుడు భీముడి చేతిలో చచ్చాడు. అతని చెల్లెలు హిడింబి భీముణ్ణి కోరింది. శత్రువు చెల్లెలు, పైగా రాక్షసి. అయినా కుంతి ఆమెను కోడలిగా ఒప్పుకొంది. ఘటోత్కచుడు పుడితే, పాండవులందరికీ నువ్వే పెద్దకొడుకువని దగ్గరికి తీసుకొంది.

తరువాత ఏకచక్రపురంలో ఒక బ్రాహ్మణుడు, వాళ్ళ అసలు పేర్లు తెలియకుండానే, తన ఇంట్లో చోటిచ్చాడు. ఒకనాడు ఆ ఇంట్లో ఏడుపు వినిపించింది. బకాసురుడికి బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషిని పంపే వంతు వాళ్ళకు వచ్చింది. నేను పోతానని తండ్రి, కాదు నేనని తల్లి, నేనని కూతురు వాదులాడుకొంటున్నారు. మాటలు సరిగా రాని పసివాడు గడ్డిపరక పట్టుకొని, దీనితో రాక్షసుణ్ణి చంపుతానన్నాడు.

నాకు ఐదుగురున్నారు, ఒకణ్ణి పంపుతానంది కుంతి. అతిథిని చావుకు పంపి మేము బతకడం పాపమని ఇంటాయన ఒప్పుకోలేదు. పరాయి బిడ్డ కోసం మన బిడ్డనా అని ధర్మరాజూ అడిగాడు. భీముడి బలం నాకు తెలుసు. ఈ ఇంట్లో చల్లగా తలదాచుకొన్నాం, చేసిన మేలుకు మించి చేయాలి అని ఆ తల్లి జవాబు.

ఇంకొకటి గమనించండి. బకుడు చచ్చింది రాక్షసుడై పుట్టినందుకు కాదు, మనుషుల్ని తిన్నందుకు. ఇక మనుషుల జోలికి రామని అతని పరివారం మాటిస్తే భీముడు వాళ్ళను వదిలేశాడు.

ఈ కాలంలోనూ ఇలాంటి కథలు వస్తున్నాయి. అమెరికా రచయిత టి.జె. క్లూన్ 2020లో 'ది హౌస్ ఇన్ ది సెరూలియన్ సీ' అనే నవల వెలువరించాడు. దీవిలో ఒక అనాథాశ్రమం, అందులో వింతశక్తులున్న ఆరుగురు పిల్లలు. లోకం వాళ్ళను చూసి భయపడుతుంది. తనిఖీకి వచ్చిన లైనస్ బేకర్ అనే ఉద్యోగి చివరికి ఆ ఇంటి మనిషే అవుతాడు.

మన ఊళ్ళకు కూలికో, చదువుకో వచ్చి గది అడిగేవాళ్ళు ఉంటారు. మీదే ఊరు, మీరేమిటోళ్ళు అన్న ప్రశ్నలే ముందు వస్తాయి. ఏకచక్రపురంలోనూ ఆ ప్రశ్నల దగ్గరే తలుపు పడి ఉంటే, గడ్డిపరక పట్టిన ఆ పసివాడి ఇంటికి దిక్కెవరు?